మూడో ఆకు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ చిరాకు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీసి, మిషన్లో పెట్టి, వచ్చిన అంకె రాసిచ్చే పని నాది. మా ఊళ్ళో పొలం గట్టున కొరివి దయ్యాన్ని చూశానని మా చిన్నాన్న చెబితే, ఎంత తాగి చూశావని అడిగినదాన్ని. ఇప్పటికీ దయ్యాలు ఉన్నాయని నేను అనను. జరిగింది మాత్రం చెబుతాను.

సుజాత, నేను కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. విడవలూరు వైపు సముద్రం పక్క పాలెం వాళ్ళది. వాళ్ళాయన పెంచలయ్య చేపల వేటకి పోయేవాడు. నెల్లూరులో అద్దెకుండేవాళ్ళు. ఆమె బట్టల షాపులో పనిచేసేది. అతను ఎప్పుడు ఫోన్లోకొచ్చినా ఒకటే మాట, "ఈసారి రా అక్కా, నెల్లూరంతా నేనే తిప్పి చూపిస్తా" అని.

పోయిన వానాకాలం వాళ్ళ బోటు తిరగబడింది. మిగతావాళ్ళని వేరే బోటు వాళ్ళు ఎత్తుకొచ్చారు. పెంచలయ్య దొరకలేదు. శవమూ దొరకలేదు. ఏడ్చి ఊరుకోవడానికి కూడా లేకుండా పోయింది సుజాతకి.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. మగవాడు వేటలో ఉన్నన్నాళ్ళూ, ఇంట్లో ఎవరు అన్నానికి కూర్చున్నా ముందు అతని కంచంలో ఒక ముద్ద పెడతారు. తిరిగొచ్చేవాడి కంచం ఖాళీగా ఉండకూడదట. మనిషి ఇక రాడని తేలి, కర్మ చేసిన రోజున ఆ కంచం బోర్లిస్తారు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించేద్దామని పాలెం పెద్దలు నెలల తరబడి చెబుతున్నారు. సుజాత వినలేదు. మద్రాసు వైపు ఏ ఒడ్డుకో చేరాడని, ఏ ఆస్పత్రిలోనో ఉన్నాడని ఆమె నమ్మకం. పూటపూటా ముద్ద పెడుతూనే ఉంది. వచ్చే అమావాస్యకి కర్మ అని పెద్దలు చెప్పేసరికి నాకు ఫోన్ చేసింది, తోడు రమ్మని. ఆమెకి నచ్చజెప్పమని వాళ్ళత్త నాకు విడిగా ఫోన్ చేసింది.

నేను వెళ్ళిన మర్నాడు పొద్దున్నే, ఊరు చూద్దాం పదమంది. ఆయన వచ్చేలోపు నేనైనా తిప్పి చూపిస్తానంది. నేను చీర మార్చుకున్నాను.

ముందు పెన్న ఒడ్డున రంగనాయకుల గుడికి వెళ్ళాం. అర్చనకి తన పేరుతో పాటు పెంచలయ్య పేరూ చెప్పింది, ఇంట్లో ఉన్న మనిషి పేరు చెప్పినట్టే. నేను గాలిగోపురానికి ఫోటోలు తీసుకున్నాను. ఎండకి చూపు ఆనలేదు.

మధ్యాహ్నం హోటల్‌కి తీసుకెళ్ళింది. నాకు చేపల పులుసు తినిపించకుండా పంపితే ఆయన ఊరుకోడట. బోటు పోయిన నాటి నుంచీ తను మాత్రం చేప ముట్టలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

సర్వరు వచ్చి మూడు ఆకులు వేశాడు. అలవాటు కొద్దీ సుజాతే మూడని చెప్పిందేమో అనుకున్నాను. కానీ తను నోరు విప్పలేదు. ఇద్దరమే అన్నాను.

"ఆయన చెయ్యి కడుక్కోను పోయినాడు గదక్కా."

"ఎవరాయన?"

"మీ ఎనకాలే వచ్చినాడే, నీలం చొక్కా ఆయన."

పెంచలయ్య వేటకి పోయిన రోజు వేసుకున్నది నీలం చొక్కా. పోలీసులకీ, ఆస్పత్రులకీ, నాకూ ఆ చొక్కా గురించి సుజాత ఎన్నిసార్లు చెప్పిందో. ఒక్క ఉదుటున లేచి చెయ్యి కడుక్కునే చోటికి పరిగెత్తింది. అక్కడ ఎవరూ లేరు. నిజం చెప్పొద్దూ, ఆ సర్వరుని నాలుగు తిట్టాలనిపించింది.

సుజాత నవ్వుతూ వచ్చింది. "చెప్పలా నేను? ఉండాడు. ఊళ్ళోనే ఉండాడు."

ఇంక ఊరు చూడటం అయిపోయింది, మనిషిని వెతకడం మొదలైంది. ట్రంకు రోడ్డు, చిన్నబజారు, బస్టాండు. నీలం చొక్కా కనిపిస్తే చాలు, ముందుకెళ్ళి మొహం చూసొచ్చేది. చివరికి, ఊళ్ళో నిలబడడు, సముద్రం కాడికే పోయుంటాడని మైపాడుకి ఆటో మాట్లాడింది. దారంతా ఒకటే కబుర్లు. కనపడగానే ఏమని తిట్టాలి, ఇంటికి తీసుకెళ్ళి ఏం వండిపెట్టాలి. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

మైపాడులో ఎప్పటిలాగే జనం, బజ్జీల బండ్లు, నీళ్ళలో కేరింతలు కొట్టే పిల్లలు. ఒడ్డు పొడుగునా ఇటూ అటూ నడిచాం. కాళ్ళు పీకేదాకా నడిచాం. ఎవరూ లేరు. తిరిగొచ్చి ఆటో ఎక్కితే డ్రైవరు బండి తీయడు. పెద్దాయన, ఓపిగ్గా నిలబడి ఉన్నాడు.

"ఆయన్ని గూడా రానీండమ్మా."

ఎవరిని అని అడిగాను.

"మీ ఇద్దరి మధ్యన కూసోనొచ్చినాడే, ఆయన. బండి ఆగీ ఆగకముందే దిగి నీళ్ళలోకి పోయినాడు. ఈతకేమో అనుకుంటిని. ఇంకా రాలా."

సుజాత చాలాసేపు సముద్రం వైపు చూసింది. ఏడవలేదు. తర్వాత మెల్లగా అంది, "రాడులేన్నా. పోదాం పద."

ఇంటికి రాగానే అన్నం వండి రెండే కంచాలు పెట్టింది. మూడోది కడిగి గోడవారగా బోర్లించింది. అత్తకి ఫోన్ చేసి, "అమావాస్యకే కానీండత్తా" అంది. నేను చెప్పి ఒప్పించాల్సిన మాట అదే. అది ఆమె నోట వినగానే నేను బావురుమన్నాను. ఒక్క పూట ముందు ఆ మనిషి ఎలా నవ్విందో చూసినదాన్ని కదా.

సర్వరు ఇంకెవరినో చూసి మా మనిషి అనుకుని ఉండొచ్చు. డ్రైవరూ అంతే అనుకుందామంటే, వాళ్ళిద్దరూ ఒకరికొకరు తెలియనివాళ్ళు. సరే, ఏదో కాకతాళీయం అని అదీ సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోలేనిది నా సంగతే. మర్నాడు నిద్ర లేస్తే కుడి భుజం పట్టేసి ఉంది. మైపాడు పోయేటప్పుడు నేను సీటు అంచున, ఒక కాలు బయటికి పెట్టి, కడ్డీ పట్టుకుని వేలాడుతూ కూర్చున్నాను. వచ్చేటప్పుడు అదే ఆటోలో, అదే సీటు మీద, మా ఇద్దరి మధ్య బోలెడంత చోటుంది.

పోయేటప్పుడు అంత ఒదిగి ఎందుకు కూర్చున్నానో నాకు తెలియదు. జరగమని నన్నెవరూ అడగలేదు.