పిన్ని పెట్టిన వంతులు

మా పక్కింటి పిన్ని సోమవారం నరసరావుపేట ఆసుపత్రిలో పోయింది. మాచర్లలో మా వీధి ఆడవాళ్లందరికీ ఆమె పిన్నే.

క్వారీలో నాపరాళ్లు మీద పడి, ఆమె భర్తకు, అంటే మా బాబాయికి, నడుం కింద చచ్చుబడింది. అప్పటి నుంచి పిన్ని గడప దాటితే బజారు వరకే, అదీ పరుగున. కాచి చల్లార్చిన నీళ్లే తాగేది. వానలో తడిసేది కాదు. "జ్వరం తెచ్చుకునే తీరిక నాకేడుందే" అనేది నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే నాకు భయం వేసేది.

ఒకరోజు పాలసీల ఏజెంటు మా అరుగు మీద కూర్చుని, లారీ నడిపే మా ఆయన పేరున బీమా కట్టమంటున్నాడు. మనిషి పోతే ఇంటికి డబ్బొస్తుందని చెప్పాడు. పిన్ని తన గుమ్మంలోంచే అడిగింది.

"పోకుండా మంచాన పడితే ఏంది అబ్బయ్యా?"

"మంచాన పడ్డవాళ్లని చూసుకోడానికంటూ మా దగ్గర ఏమీ లేదమ్మా."

ఆ సాయంత్రమే పిన్ని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరింట్లో మనిషి మంచాన పడినా అందరం వంతులేసుకుని ఒక్కో పూట చూసుకుందామంది. "అశుభం పలకమాక" అని కొందరు కసిరారు.

"నేను పలికితేనే మా ఆయన మీద రాళ్లు పడ్డయ్యా?"

చివరికి అందరూ ఒప్పుకున్నారు.

బాబాయి దగ్గర మొదటి వంతు నాది. పిన్ని కడుపునొప్పి దాస్తోందని తెలిసి, నరసరావుపేట వెళ్లి చూపించుకోమని పంపాను. కాసేపటికే తిరిగొచ్చింది. బస్సెక్కి కూర్చుని, కదలబోతుంటే దిగేసిందట.

"ఆయన పిలిచినట్టే అయిందే. ఊపిరాడలా."

ఎన్నిసార్లు పంపినా బస్టాండు దాటలేదు. మా అత్తకు తుంటి విరిగినప్పుడు మాత్రం తన వంతుకు ముందే వచ్చేది. వీపున పుండ్లు పడకుండా మనిషిని ఎలా తిప్పాలో నాకు నేర్పింది ఆమే.

చివరికి నొప్పితో పడిపోతే మేమే జీపులో తీసుకెళ్లాం. ఇంత ఆలస్యమా అని డాక్టరు కోప్పడ్డాడు. పిన్ని నా వైపు తిరిగి, "ఇయ్యాల ఆయన దగ్గర ఎవరున్నారే?" అని మాత్రం అడిగింది.

ఈ ఉదయం నా వంతు. బాబాయికి జావ తాగించి, పక్కకు తిప్పి వీపు తుడిచాను. లేవబోతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. రాళ్లెత్తిన బలం ఆ చేతిలో ఇంకా ఉంది. పిల్లలు బడి నుంచి అన్నానికి వచ్చే వేళయింది.

"వస్తా బాబాయ్" అన్నాను.

ఆయన గోడ వైపే చూస్తున్నాడు. పట్టు వదల్లేదు. మంచం పట్టె మీద అలాగే కూర్చుండిపోయాను. వీధిలోంచి మా పిల్లలు, అమ్మా, అమ్మా అని కేకేస్తున్నారు.