కదలొద్దమ్మ

పళ్ళ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఆవిడకి కదలొద్దమ్మ అని పేరు పడిపోయింది. గడ్డం మిషను మీద ఆనించి, ముందుపళ్ళ మధ్య పుల్ల పెట్టాక పేషెంటు గుటక మింగినా గయ్యిమనేది. ఆ కోపానికి కారణం లేకపోలేదు. కింది దవడ ఎముకకి రెండు పక్కలా చిన్న బెజ్జాలుంటాయి. పెదవికి, గడ్డానికి వెళ్ళే నరాలు వాటిలోంచే బయటికొస్తాయి. కట్టుడు పన్ను కోసం ఎముకలో స్క్రూ బిగించేముందు ఆ బెజ్జాలెక్కడున్నాయో డాక్టరుకి తెలియాలి. తెలియక నరాన్ని తెంపితే పెదవి జన్మంతా మొద్దుబారిపోతుంది. మనిషి కదిలితే బొమ్మలో దవడ అంచు మెట్టులా జారినట్టు పడుతుంది, బెజ్జం ఎక్కడుందో దొరకదు.

ఆ మధ్యాహ్నం మిషను ముందు నిలబడింది ఆవిడ సొంత చెల్లెలే. ఎడమ దవడ వాచి నల్లబడింది. మెట్ల మీంచి పడిందని వెంట వచ్చిన ఆమె మొగుడు, అంటే ఆవిడ మరిది, చెప్పాడు, చెల్లెలు తలూపింది. అక్క పనిచేసే చోటయితే విషయం బయటికి పొక్కదని అతని ధీమా. అతన్ని బయట నిలబెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఆవిడ బొమ్మ తీసింది. ఎడమ బెజ్జం దగ్గర దవడ అంచు మెట్టులా ఉంది. ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పటి నుంచీ ఒకచోట కుదురుగా ఉండి చావవు కదే అని చెల్లెల్ని చెడామడా తిట్టి, తల కదలకుండా బిగించి మళ్ళీ తీసింది.

అదే మెట్టు, అదే చోట. బెజ్జం నిలువునా రెండు చెక్కలై ఉంది.

"నేను కదల్లేదక్కా," అంది చెల్లెలు. పెదవి పంటి కింద పడి నెత్తురు కారుతోంది. అది ఆమెకి తెలియడం లేదు.

కదలొద్దమ్మ దూదితో తుడిచి, తగులుతోందా అనడిగింది. లేదంది. ఆవిడకి సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఎవరు చేశారని గట్టిగా అడిగింది.

"జుట్టు పట్టుకుని వంటగట్టుకేసి కొట్టాడు. నన్ను పంపకక్కా, ఈసారి చంపేస్తాడు."

మరిది బయట అంతా విన్నాడు. తలుపు తోసుకొచ్చి పెళ్ళాం జడ ఒడిసిపట్టి ఈడ్చాడు. అడ్డం వెళ్ళిన కదలొద్దమ్మ మొహమ్మీద పిడికిలితో గుద్దాడు. ముక్కు చిట్లి జాకెట్టంతా నెత్తురైంది. ఎక్స్‌రే తగలకుండా పేషెంట్లకి కప్పే సీసపు ఏప్రను చేతికందితే, దాన్ని రెండు చేతులా ఎత్తి అతని నెత్తిన మోదింది. అతను తూలి గడప అవతల పడ్డాడు. ఆవిడ తలుపు మూయబోయింది. లోపల సీసం రేకు వేసిన బండ తలుపది. సరిగ్గా మూతపడే వేళకి అతను లేచి నాలుగు వేళ్ళు సందులో దూర్చాడు.

"ఇంటికి రావే, నీ రెండో దవడ కూడా పగలగొడతా."

ఆవిడ తలుపుకి భుజం ఆనించి తోసింది. వేళ్ళు పటపటమన్నాయి. అంత మొగాడూ వదినా, వదినా అని బావురుమన్నాడు. ఆ పిలుపుకి ఆవిడ మనసు పీకింది. ఎంతైనా చెల్లెలి మొగుడు. భుజం కాస్త సడలించింది.

చెల్లెలు అక్కని పక్కకి జరిపి, తన వీపు తలుపుకి ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కింది.