ఎడమకు గుంజిన కారు

మా చిన్నప్పుడు శుక్రవారం పొద్దున అమ్మ ముందుగాల కడిగేది గడపను కాదు... నాన్న కిరాయి కారును. నాలుగు టైర్లకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అప్పుడు గడప కాడికి వచ్చేది. మాకు అన్నం పెట్టేది అదే మరి!

పర్ణశాల నుంచి భద్రాచలం పోయే దారిల మా ఊరు. రెండువేలు దాటిన కొత్తల్ల ముచ్చట ఇది. చుట్టూ అడవి, సన్నటి రోడ్డు... ఎదురుంగ వెదురు లారీ వచ్చిందంటే కారు రోడ్డు దించాల్సిందే. గుడికి వచ్చినోళ్లను, సంతకు పోయేటోళ్లను, దవాఖానాకు పోయేటోళ్లను నాన్న ఆ కారులనే తిప్పేటోడు.

ఒక్కటే బాధ... నాన్నకు ఇప్పసారా అలవాటు ఉండె. నన్ను బడిల వేసిన యేడు అమ్మ ఆయన్ను పర్ణశాల తీసుకపోయి సీతమ్మ తల్లి ముందు ఒట్టు పెట్టించింది. "ఇంకోసారి తాగినవో, బిడ్డను తీసుకొని పెనుబల్లి పోత. మళ్ల రాను" అన్నది. పెనుబల్లి మా అమ్మమ్మ వాళ్ల ఊరు. నాన్న మానేసిండు... నిజంగనే మానేసిండు.

అయినా అమ్మకు భయం పోలె. సాయంత్రం నాన్న రాంగనే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి దగ్గరగ నిలబడేది. ఎందుకనుకున్నరు? నోరు వాసన చూసేటందుకు! నాన్నకు కూడ తెలుసు. పాపం, నీళ్లు తాగకముందే ఆయనే పెద్దగ ఊపిరి ఇడిసేటోడు. ఇద్దరూ ఆ ముచ్చట ఎన్నడూ పైకి అనుకోలె.

నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు, ఎండకాలం మొదట్ల, పక్కింటి లచ్చత్త ఉరుక్కుంట వచ్చింది. నాన్న కారులనే సంతకు పోయొచ్చింది.

"వదినా, అన్న మళ్ల మొదలుపెట్టిండా ఏంది? కారు ఊకె ఎడమ దిక్కు పోతాంది. రోడ్డు దిగుతాంది, ఎక్కుతాంది... పాణం అరచేతిల పెట్టుకొని కూసున్ననమ్మా!"

అమ్మ మొఖం మాడిపోయింది. ఆ సాయంత్రం చెంబు తీసుకొని పోయిందో లేదో, నాన్న అంగీ మీద నుంచి గుప్పున ఇప్ప వాసన కొట్టింది.

అది ఇప్పపువ్వు ఏరే కాలం. ఎండబెట్టిన పువ్వు సంచులు కారు నిండ వేసుకొని సంతకు పోతరు... ఆ వాసన సీట్లకు పడుతది, అంగీకి పడుతది. నాన్న ఇదే చెప్పిండు. "కారే ఎడమకు గుంజుతాందే, పట్టి పట్టి నా భుజాలు పోతున్నయి" అని కూడ చెప్పిండు.

"కారు గుంజుతాందా, సారా గుంజుతాందా?" అన్నది అమ్మ.

తెల్లారి అమ్మ సంచిల బట్టలు సర్దింది. నేను ఒకటే ఏడుపు. నాన్న ఆపలె, బతిమిలాడలె. "బస్సెందుకు, నేనే దింపుత... ఎక్కుండ్రి" అన్నడు.

భద్రాచలం దాటినం, గోదారి బ్రిడ్జి దాటినం. సారపాక కాడ రోడ్డు నున్నగ, సక్కగ ఉంటది. ముందల వెనుకల బండి లేదు. నాన్న కారు నిదానం చేసి, "ఇటు సూడు" అని స్టీరింగు మీద నుంచి రెండు చేతులు తీసి ఒళ్లె పెట్టుకున్నడు.

కారు మెల్లగ... దానంతట అదే... ఎడమకు పోయింది!

"ఆపు, ఆపయ్యా!" అని అమ్మ కేకపెట్టింది. నాన్న ఆపంగనే దిగి ఎడమ దిక్కు ముందు టైరు కాడ కూలబడ్డది. బయటికి చూస్తే కొత్త టైరు లెక్కనే ఉన్నది, ఆమె రాసిన పసుపు కూడ ఇంక పోలె. చెయ్యి లోపలికి పెట్టి తడిమింది... లోపలి అంచు మొత్తం బోడిగ, అరచెయ్యి లెక్క నున్నగ. అన్ని శుక్రవారాలు పసుపు రాసింది గానీ, ఆమె చెయ్యి అటు దిక్కు ఎన్నడూ పోలె.

అక్కడికి దగ్గర్లనే యాకూబ్ మామ మెకానిక్ షెడ్డు. ఆయన వెనుక చక్రం నుంచి ముందు చక్రం దాక దారం గుంజి పట్టి చూసిండు. "గాలి తక్కువైతే రెండంచులు అరుగుతయి చెల్లె, ఎక్కువైతే నడుమ అరుగుతది. ఇది ఒక్క లోపలంచే పోయింది. గిటు సూడు... చక్రం మూతి బయటికి తిరిగింది. ఎడమకు పోక ఎటు పోతది? ఏడ గుద్దినవ్ అన్నా?"

అప్పుడు యాదికొచ్చింది నాన్నకు. వెదురు లారీకి సైడిచ్చేటప్పుడు రోడ్డు పక్క మోరీ గోడకు ఎడమ చక్రం గట్టిగ తగిలిందట. లోపల చక్రాన్ని పట్టుకునే కడ్డీ వంగింది.

"అయితే తాగింది కారన్నట్టు" అని నవ్వబోయింది అమ్మ... నవ్వు రాలె, బోరుమని ఏడ్చింది.

"మంది అన్నందుకు బాధ కాదే... నువ్వు నమ్మలె సూడు" అన్నడు నాన్న.

కడ్డీ మార్చిన్రు, దారంతోటే చక్రాలు సక్క చేసిన్రు. సంచి డిక్కిల నుంచి దింపకుండనే ఇంటికి తిరిగినం. సారపాక రోడ్డు మీద నాన్న మళ్ల చేతులు తీసిండు. కారు సక్కగ పోయింది! "చాలు తియ్యి, పట్టుకో" అని అమ్మ ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. నేను వెనుక సీట్ల పడీ పడీ నవ్విన.

ఇప్పుడు నా కారుకు అలైన్‌మెంట్ చేయిస్తే అన్నీ మిషన్లే. తెర మీద ఎర్రగీతలు పచ్చగైతయి, చాయ్ తాగేలోపల అయిపోతది. దారం పట్టేటోళ్లు లేరు, టైరు తడిమి చూసేటోళ్లు లేరు... మీ ఇండ్లల్ల కూడ చెయ్యని తప్పుకు మాట పడ్డోళ్లు ఉంటే కింద రాయండి, కూసొని చదువుత.

నాకైతే ఆ రోజు సాయంత్రమే కండ్ల ముందల ఉంటది... నాన్న అరుగు మీద కూసున్నడు. అమ్మ చెంబు తెచ్చింది. నాన్న ఎప్పటి లెక్కనే ఊపిరి ఇడవబోయిండు. అమ్మ చెంబు ఆయన పక్కన పెట్టి, ఆగకుండ లోపలికి పోయింది.