ఒకటికి ముందున్న వరుస

ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క రిజిస్టరులో మా వీధిలో జబ్బుపడ్డవాళ్ళ జాబితా ఒకటో నంబరుతో మొదలవుతుంది. దానికి పైన, మిగిలిన ఇరుకు జాగాలో, సున్నా నంబరు వేసి ఇంకో పేరు ఉంది. అది నాది.

మాది గద్వాలలో మగ్గాల వీధి. ఆ వారం ముసురు పట్టింది. సోమవారం నల్లా వచ్చింది. మంగళవారం పొద్దున నాకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. బుధవారం వీధంతా పెళ్ళి దావత్‌కు పోతే నేను చాప మీద పడి ఉన్నాను. అడిగినవాళ్ళకు అమ్మ తలనొప్పి అని చెప్పింది. డైరీలో మాత్రం ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

శుక్రవారానికి చాలామంది మంచం పట్టారు. ఆశా అక్క రిజిస్టరుతో మా అరుగు మీద కూర్చుంది. చుట్టూ జనం.

"ఎవలెవలికి మోషన్లు అయినయో చెప్పుండ్రి."

"అడుగుడేంది? దావత్ల మటన్ తిన్నోళ్ళందరికీ అయినయ్," అంది పక్కింటి అత్త. "ఆ వంట చాచానడుగు, ఏ కాలం నాటి మేకను కోసిండో!"

అందరూ నవ్వారు. చాచా ఇల్లు మా వీధి చివరే. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఆయనే వండుతాడు.

ఆశా అక్క నా వైపు చూసింది. "ఏం చెల్లె, మొఖం గట్ల గుంజుకపోయింది? నీకు గిట్ట అయినయా?"

"లేదక్కా. నిద్ర లేదు, అంతే."

అంతమందిలో ఆ మాట ఎట్లా చెప్పను అనుకున్నాను. కానీ దాని విలువ తెలియక కాదు. ఆ నెలలోనే లైబ్రరీ పుస్తకంలో లండన్ కలరా సంగతి చదివాను. చెడుగాలి వల్లే రోగం వస్తుందని నమ్మే రోజుల్లో ఒక డాక్టరు ఇల్లిల్లూ తిరిగి ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు అని అడిగాడు. చావులను పటం మీద గుర్తుపెడితే అవి ఒక నీళ్ళ పంపు చుట్టూ చేరాయి. ఆ పంపు పిడి తీయించారు. నా మనసులో నిలిచింది మాత్రం ఎక్కడో దూరపు పేటలో చనిపోయిన ఒకావిడ. ఆ పంపు నీళ్ళ రుచి మరిగి రోజూ తెప్పించుకునేదట. లెక్కలో ఇమడని ఆ ఒక్క మనిషే అసలు సంగతి పట్టిచ్చిందని డైరీలో రాసి, కింద గీత కూడా గీశాను. ఇప్పుడు మా వీధిలో ఆ మనిషిని నేనే. దావత్‌కు పోలేదు, దావత్‌కు ముందే పడ్డాను.

శనివారం చాచా మా గుమ్మం ముందు ఆగాడు.

"కొత్తకోట పెళ్ళి పార్టీ నా వంట వద్దన్నరమ్మా. గిన్నెలు తోమి పెట్టుకున్న."

"ఎందుకంట చాచా?" అంది అమ్మ.

"నా చేతిల ఇషమున్నదంట," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

నేను లోపల కండెలు చుడుతూ అంతా విన్నాను. దారం రెండుసార్లు తెగింది. ఆ రోజే ఇంకో ముగ్గురిని దవాఖానకు తీసుకుపోయారు.

ఆదివారం పొద్దున డైరీ పట్టుకుని ఆశా అక్క ఇంటికి పోయాను. పేజీ తెరిచి, మిగతా రాతల మీద అరచెయ్యి పెట్టి, మంగళవారం నాలుగు వాక్యాలూ చూపించాను.

ఆమె రెండుసార్లు చదివింది. "బుధారం గదా దావత్? అంటే మటన్ కాదు. మొన్న అడిగితే ఎందుకు చెప్పలే?"

"సిగ్గయింది అక్కా. అందరు ఉండె."

"సిగ్గంట!" అని పెన్ను తీసి, ఒకటి పైన సున్నా వేసింది. "నీళ్ళు యాడియి తాగుతరు?"

మా వీధిలో ఏ నల్లాకైనా ధార సన్నం. అందుకని దాని చుట్టూ గుంత తవ్వి, పైపు కిందికి కోసి పట్టుకుంటాం. ముసురుకు మోరి కాలువ పొంగి ఆ గుంతలో నిండింది. నీళ్ళు రాని పూట ఆ మురికి పైపులోకి పోయింది. ఆశా అక్క వచ్చి చూసి ఫోన్ చేస్తే, సాయంత్రానికి మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి గుంతలు పూడ్చారు, పైపు మార్చారు. ఇంటింటికీ క్లోరిన్ బిళ్ళలు ఇచ్చి, నీళ్ళు కాచి తాగమన్నారు. కొద్ది రోజుల్లో జబ్బు తగ్గింది. కొత్తకోట వాళ్ళు అప్పటికే వేరే వంటమనిషిని మాట్లాడుకున్నారు.

ఆ వారంలోనే చాచా గిన్నెడు సేమ్యా తెచ్చాడు.

"నువ్వే చెప్పినవంట గద బిడ్డా. నువ్వు చెప్పకపోతే నా పొయ్యి ఆరిపోతుండె."

శుక్రవారమే నన్ను అడిగారు చాచా, అనబోయాను. అమ్మ పక్కనే ఉంది. గిన్నె అందుకున్నాను.

రిజిస్టరులో నా పేరు పక్కన రెండు గడులున్నాయి. జబ్బు మొదలైన రోజు మంగళవారం. తెలిసిన రోజు ఆదివారం. శుక్రవారం నన్ను అడిగిన సంగతి రాయడానికి అందులో గడి లేదు. ఇక్కడ రాస్తున్నాను.