బటన్లు మారిన నాలుగో భాగం

సీడీల కాలంలో మా చిన్నమామ తిరుపతిలో వీడియో గేముల అంగడి నడిపినాడు. ఆయనకు ఒక ఫైటింగ్ గేమంటే ప్రాణం. మూడు భాగాలొచ్చినా బొమ్మలు మారినాయే గాని ఆట మారలేదు. ఏ బటన్ నొక్కితే ఏ దెబ్బ పడుతుందో మామకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆయన్ని ఎవరూ గెలవలేక పిలకాయలు ఒక్కొక్కరే రావడం మానేసినారు.

నాలుగో భాగంలో బటన్లన్నీ మార్చేసినారు. మామకు కోపమొచ్చింది. "ఇది మన ఆట కాదప్పా, చంపేసినారు" అని నాతో అని కంట్రోలర్ బల్ల మీద పెట్టేసినాడు.

ఆయనకు అన్నం తెచ్చిన మా అక్క ఆ కంట్రోలర్‌ని చేతిలోకి తీసుకునింది. అంతవరకూ ఆమె ఆ ఆట ముట్టింది లేదు. "నాకూ రాదు, నీకూ రాదు. ఆడదాం రా మామా" అనింది.

ఇద్దరూ తప్పులు నొక్కుతా, అరుస్తా, నవ్వుతా ఆడినారు. ఆ గోలకు పక్క టీ అంగట్లోని పిలకాయలు లోపలికొచ్చినారు. కడాకు అక్కే గెలిచింది. ఓడిపోయి మామ అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఆటలు ఎందుకు మారాలో నాకు ఆ పొద్దు తెలిసింది. పాతోళ్లు కూడా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తేనే కొత్తోళ్లకు చోటు దొరుకుతుంది.

"ఇంకొక్కసారి ఆడు పాపా" అని మామ బతిమాలతా ఉంటే, వెనకాల పిలకాయలు "తరువాత నేను" అని తోసుకుంటా ఉన్నారు.