కాలిన వాసన

ఆ కంపెనీలో అందరూ ఆమెను ముక్కుగారు అనేవారు. యూరప్‌లోని చిన్న చిన్న బ్రూవరీల నుంచి వచ్చే బీరు సీసాలను రుచి చూసి పదికి ఇన్ని అని మార్కులు వేయడం ఆమె ఉద్యోగం. ఆమె ఎనిమిది వేస్తే దుకాణాలవాళ్లు పెట్టెలకు పెట్టెలు పట్టుకుపోయేవారు. నాలుగు వేస్తే ఆ సరుకు గోడౌన్‌లో దుమ్ము కొట్టుకుపోయేది.

చేరిన కొత్తలో ఒక చెక్ బీరును మూతి దాకా తెచ్చి, తాగకుండానే కింద పెట్టేసింది.

"తడిసిన అట్టపెట్టెను నాకినట్టుంటుంది ఇది" అంది.

"అట్టపెట్టెను మీరెప్పుడు నాకారండీ?" అన్నాడు ఓనరు.

ఆ సీసాల్లోకి గాలి పోయిందని తర్వాత బ్రూవరీవాళ్లే ఒప్పుకున్నారు. ఆ పేరు అలా వచ్చింది. ఎవరికైనా ముఖం మీదే చెప్పే మనిషి కనుక, ముక్కుసూటితనానికి కూడా సరిపోయిందని తమ్ముడు ఏడిపించేవాడు. తమ్ముడిది అదే కంపెనీలో కింద గోడౌన్ చూసుకునే పని. ఇంట్లో అక్కా తమ్ముడూ ఇద్దరే.

వాళ్ల నాన్న జబ్బు వాసనతోనే మొదలైంది. అన్నం ముందు కూర్చుని, "పాలు మాడుతున్నాయి, ఎవరూ చూడరేం?" అనేవాడు. పొయ్యి మీద పాలుండేవి కావు. పిల్లలిద్దరూ నవ్వేవారు. తలలో గడ్డ ఉందని బయటపడేసరికి ఆయన పిల్లల పేర్లు కూడా మరిచిపోయే స్థితికి వచ్చాడు. ఆ నవ్వు సంగతి ఇద్దరూ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

సరుకు పెరగడంతో ఆ ఏడాది గోడౌన్‌లో సీసాలు దాచే చల్లగదిని పెద్దది చేసి, పైఅంతస్తు దాకా లేపారు. దాని మోటార్లు పైన బీరు రుచి చూసే గది గోడకు అవతలికి వచ్చాయి. ఆ గోడ పక్క కుర్చీ ముక్కుగారిది. చలికాలం కావడంతో వీపుకు వెచ్చగా, హాయిగా ఉండేది.

ఒక ఉదయం బెల్జియం సీసా తెరిచారు. ఆమె గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇందులో ఏదో మాడింది" అంది.

పక్కన కూర్చున్నది ఆమెతోపాటు రుచి చూసే కుర్రాడు. గడ్డం పెంచాడు కనుక అందరూ గడ్డం అనేవారు. మళ్లీ వాసన చూసి, "నారింజ తొక్క తప్ప నాకేం తెలియడం లేదండీ" అన్నాడు.

తర్వాతి గ్లాసులోనూ అదే వాసన. నోరు పుక్కిలించడానికి మంచినీళ్లు తీసుకుంది. నీళ్లూ మాడాయి.

సాయంత్రం వంటింట్లో గిన్నెలు కడుగుతున్న తమ్ముడికి చెప్పింది. అతను నల్లా కట్టేశాడు.

"పాలు మాడినట్టా?"

"కాదురా. రబ్బరు మాడినట్టు. సన్నగా."

"నాన్నకి పాలు, నీకు రబ్బరు" అన్నాడు. నవ్విద్దామనుకున్నాడు గానీ తనే నవ్వలేకపోయాడు. "అక్కా, రేపే డాక్టరు దగ్గరికి పోదాం."

"నా ముక్కు పాడైందని తెలిస్తే ఓనరు ఇంకో ముక్కును వెతుక్కుంటాడు. నువ్వు నోరు మూసుకో."

"ఉద్యోగం గురించా నీ బెంగ?"

ఆమె బెంగ ఉద్యోగం గురించి కాదు. డాక్టరు ఏం చెబుతాడో ఆమెకు ముందే తెలుసనిపించింది. ఆ మాట ఎవరి నోటా వినకుండా ఉండగలిగినంతకాలం ఉందామనుకుంది.

వాసన ఆమెను వదల్లేదు. పడుకుంటే దిండులో ఉండేది. చీర కొంగులో, జడలో ఉండేది. తలస్నానం చేసి ఇంట్లోనే ఉండే ఆదివారాలు మాత్రం కాస్త నయం. నాన్నకు కూడా మధ్యమధ్య నయంగానే ఉండేదని గుర్తొచ్చి, ఆ నయానికే భయపడేది. సిగరెట్లు ఊదే తమ్ముడికి మాడు వాసన పక్కనే ఉన్నా తెలియదు. అక్క ముఖం వైపు మాత్రం దొంగచూపులు చూస్తుండేవాడు. రోజూ తన పేరును తప్పు లేకుండా పిలుస్తోందా అని చెవులు రిక్కించేవాడు.

ఆఫీసులో ఆమె నెట్టుకొచ్చింది. చేదును, తీపిని నాలుక పట్టుకుంటుంది. రంగును, నురగను కళ్లు చూస్తాయి. మిగిలింది గడ్డం నోట విని, తన మాటగా కాస్త మార్చి చెప్పేది. ముఖం మీద చెప్పే మనిషి ఇలా నంగనాచిలా మాట్లాడటం ఆమెకే వింతగా ఉండేది.

అప్పుడు వచ్చింది జర్మనీ పొగబీరు. మొలకెత్తిన బార్లీని కట్టెల పొగ మీద ఆరబెట్టి కాచే బీరది. ఆ రోజు ఓనరే స్వయంగా గ్లాసుల్లో పోశాడు.

"అబ్బ! గది గదంతా పొగే" అన్నాడు గడ్డం.

"అవునయ్యా, నా మొద్దు ముక్కుకే తెలుస్తోంది. ఒక్క సీసాకే ఇంత ఘాటా!" ఓనరు మురిసిపోయాడు.

ముక్కుగారు గ్లాసులోకి వంగింది. అందులో ఉన్నది కట్టెపొగ. మెత్తగా, తియ్యగా ఉంది. తల ఎత్తింది. గ్లాసు బయట ఉన్నది రబ్బరు. రెండూ కలవలేదు. ఒకే గదిలో ముఖాలు తిప్పుకుని కూర్చున్న ఇద్దరు మనుషుల్లా వేరువేరుగా ఉన్నాయి.

'వీళ్లకు తెలుస్తున్నది ఏ పొగ?' అనుకుంది. ఆ ప్రశ్న పైకి అంటే, 'రెండో పొగ ఎక్కడుందండీ?' అంటారు. దానికి ఆమె దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: నా తలలో.

"ఎనిమిది" అంది.

"చూశావా, ముక్కుగారికే నచ్చింది" అన్నాడు ఓనరు. ఆ బీరు లారీ నిండా దిగింది. చోటు చాలక పెట్టెలను చల్లగది గోడ వెంట కప్పుదాకా పేర్చారు.

చివరికి తమ్ముడే డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకున్నాడు. "నువ్వు వెళ్లకపోతే నేను అన్నం ముట్టను" అని చిన్నపిల్లాడిలా భీష్మించాడు. తీరా ఆ రోజు సరుకు రావడంతో తను రాలేకపోయాడు. ఆమె ఒక్కతే వెళ్లి, స్కానింగ్ యంత్రంలో కళ్లు మూసుకుని పడుకుంది.

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాడు. "తలలో ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది. ముక్కు కూడా బాగుంది. నాదానికన్నా బాగుంది."

బయట వరండా బల్ల మీద కూర్చుంటే ఏడుపు తన్నుకొచ్చింది. కళ్లు తుడుచుకోకుండానే ఫోన్ చేసింది.

"ఏమీ లేదట్రా."

తమ్ముడు వేసిన కేకకు ఫోన్‌ను చెవి నుంచి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. "నేను చెప్పలేదూ! నీ తలలో ఏమీ లేదని చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నా కదక్కా."

"నోరు ముయ్యరా" అంటూ నవ్వింది.

"అయినా ఇవాళ నాకూ వాసనొస్తోందిలే. ఆ జర్మనీ పెట్టెల్లో సీసా ఏదో పగిలినట్టుంది. గోడౌనంతా పొగ కంపు."

ఆమె నవ్వు ఆగింది.

"ఎలాంటి పొగ? కట్టెదా, రబ్బరుదా?"

"పొగ పొగే కదా. నీలా నాకేమన్నా ముక్కుందా?"

వీపున రోజూ ఆనిన వెచ్చదనం గుర్తొచ్చింది. చల్లగది గోడ అంత వెచ్చగా ఉండకూడదు. ఇన్నాళ్లూ మాడుతున్నది దాని వెనక మోటార్ల వైర్ల రబ్బరు.

"ఒరేయ్, అక్కడినుంచి బయటికి వచ్చెయ్. అందరినీ తీసుకుని వచ్చెయ్."

"ఉండక్కా. ఈ వెనక పెట్టెలు జరిపి, పగిలిందేదో తీసేసి వస్తా. లేకపోతే ఓనరు నన్ను తినేస్తాడు."

"జరపకు! నా మాట విను, దేన్నీ ముట్టుకోకు!" వరండాలో వాళ్లందరూ ఆమెవైపు తిరిగారు.

ఫోన్‌లో అట్టపెట్టెలు నేలను రాసుకుంటున్నాయి. తమ్ముడు దగ్గాడు. అంతలో సీసా మూత ఎగిరిన చప్పుడు వినిపించింది. రోజూ ఆమె పని మొదలయ్యే చప్పుడే అది. వెంటనే ఇంకొకటి.

"సీసాలెందుకు తీస్తున్నావురా?"

"నేనెందుకు తీస్తానూ?" అన్నాడు తమ్ముడు. మళ్లీ దగ్గాడు. "ఈ వెనక సీసాలు చెయ్యి కాలేంత వేడిగా ఉన్నాయి. ఇక్కడెవరూ తియ్యడం లేదక్కా."