మస్టర్ పడని బండి

మొన్న మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు రోజూ అదిరినట్టే మా షాపు రేకులు అదిరాయి, వెనకాల పట్టా కప్పి ఉన్న ఎర్రకారు లోపల ఏదో ఊడిపడిన చప్పుడైంది. పట్టా ఎత్తి చూస్తే, డ్రైవరు వెనక్కి చూసుకునే అద్దం సీటులో వెల్లకిలా పడుకుని ఉంది. ఇన్నేళ్లుగా ముందుకే పోని కారుకు వెనక చూపెందుకు అనుకుందో ఏమో, తనంతట తానే రాజీనామా ఇచ్చింది. దాన్ని తుడుస్తూ నిలబడితే అందులో మొదట నా తెల్లమీసం, తర్వాత మా బావ, ఆయన వెనకాల ఆ రోజులూ కనబడ్డాయి.

గోదావరిఖనిలో నాది డెంటింగ్ షాపు. ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరి మీద ఒకరం ఆశ వదులుకున్నాం. అప్పటి నుంచి ఊళ్లోవాళ్ల బండ్ల సొట్టలు తీస్తూ, నోటితో మనుషులకు కొత్త సొట్టలు పెడుతూ బతుకుతున్నాను. బావ అంటే మా అక్క మొగుడు. గనిలో హాలేజీ ఇంజిన్ నడిపేవాడు. బొగ్గు నింపిన టబ్బులను ఇనుపతాడుతో పైకి లాగే యంత్రం అది, గంట కొడితే లాగాలి, మళ్లీ కొడితే ఆపాలి. ఆ యంత్రం ఎన్ని టబ్బులను కదిలించిందో లెక్కలేదు గానీ, నడిపేవాణ్ణి మాత్రం కూర్చున్న స్టూలు మీద నుంచి జానెడు కూడా కదిలించలేదు. ఉద్యోగమంతా ఇంజిన్ నడిపీ ఎక్కడికీ పోని మనిషికి కారు పిచ్చి పట్టిందంటే అందులో వింత ఏముంది?

హాలేజీకి రాకముందు ఆయన టబ్బుల్లో బొగ్గు నింపే బదిలీ ఫిల్లరు. నా ఈడువాళ్లకు ఆ ఒక్కమాట చాలు, గని గేటు కళ్లముందు నిలబడుతుంది. మిగతావాళ్ల కోసం చెబుతాను. పర్మినెంటు కానివాడు ప్రతి షిఫ్టుకూ టిఫిన్ డబ్బా పట్టుకుని హాజరు వేసే కిటికీ ముందు నిలబడాలి. గుమాస్తా పేర్లు పిలుస్తాడు. పిలిచినా పలకనివాడు నాగా పెట్టినట్టు, వాడి జాగాలో బదిలీవాడు దిగుతాడు, మస్టర్ పడుతుంది, అంటే ఆ రోజు పనిచేసినట్టు రాస్తారు. అందరూ పలికితే డబ్బా మూత తీయకుండానే ఇంటిదారి. పెళ్లయిన కొత్తలో మా అక్క, మొగుడు జల్ది ఇంటికొస్తే ఏడ్చేది, రాకపోతే సంతోషించేది. అట్లాంటి కాపురాలు మా బొగ్గుబాయిల దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండవు.

ఇక కారు. ముసలి చిన్నకారును కొని, దాని ఇంజిన్ దింపి, లారీ కింద నలిగిన ఒక వ్యాను నుంచి పెద్ద ఇంజిన్ తెచ్చి కూర్చోబెట్టాం. ఆ ఇంజిన్‌కు చోటు చాలక ముందుభాగం నేనే కోసి అతికాను. బరువు తగ్గాలని వెనకసీటు పీకేస్తే అది అక్క వరండాలో దివాను అయింది. స్ప్రింగులు తగ్గించాం, సైలెన్సరు మార్చాం. సెలవురోజు పొద్దున రామగుండం రోడ్డు మీద బావ దాన్ని తొక్కితే, కూత విని కాలనీ జనం సైరన్ అనుకుని డ్యూటీకి బయలుదేరారని నేను ఊరంతా చెప్పాను. అబద్ధమే, కానీ బావకు ఆ అబద్ధం ఎంత ఇష్టమో, కొత్తవాళ్లు ఎవరొచ్చినా నాచేత మళ్లీ చెప్పించుకునేవాడు.

ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. పక్క నుంచి వచ్చే మనుషులు కనబడటం లేదని దవాఖానకు పోతే, చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోందని, దానికి మందు లేదని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్లు ఎదురుగా ఉన్నది కనబడుతుంది, తర్వాత అదీ ఉండదు. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తుందని తెలిసి కాలనీలో కొందరు, అదృష్టమే, ఆ జాగాలో కొడుకుకు నౌకరి వస్తుందన్నారు. బావకు పిల్లలు లేరు.

"డిపెండెంటు కింద కారు పేరు రాయి బావా," అన్నాను. "బొగ్గు టిప్పర్లల్ల కలుపుకుంటరు."

ఆయన నవ్వాడు. అక్క నవ్వలేదు. బావ నవ్వి, నవ్వి, ఆగి, "ఒక్కపారన్న రేసుల నడపాలె బామ్మర్ది. పేరు పిలవాలె, టైము రాయాలె. చూపున్నన్ని దినాలల్లనే," అన్నాడు.

ఊరికే ఉరికితే రేసు కాదని, ప్రతి బండికీ ఒక క్లాసు ఉండాలని మాకు అప్పుడే తెలిసింది. మావంటి మామూలు జనం కూడా సొంత కారు తెచ్చి నడుపుకునే రేసులు హైదరాబాదు అవతల ఒక మైదానంలో పెడతారని విని ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. షోరూము నుంచి వచ్చినట్టే ఉన్న బండ్ల క్లాసువాళ్లు, ఇంజిన్ మార్చారు గనక మీది కుదరదన్నారు. కొంచెం మార్పులు చేసిన బండ్ల క్లాసువాళ్లు, మార్పులు సరే గాని ఇంజిన్ ఆ బండితో పుట్టిందే అయి ఉండాలన్నారు. పూర్తిగా మార్చిన బండ్ల క్లాసుకు లోపల ఇనుప పంజరం, మంట అంటుకోని బట్టలు, లైసెన్సు కావాలట. ఆ లైసెన్సుకు కళ్ల పరీక్ష ఉంటుందట. ఆ మాట విన్నాక ఫోను పెట్టేసి బావకు లైను కట్టయిందని చెప్పాను. పాత ఇంజిన్ మళ్లీ బిగిద్దామంటే అది ఎప్పుడో రామకృష్ణాపూర్ తుక్కుదుకాణంలో ముక్కలైపోయింది.

"గనిల గిన్ని కేటగిరీలు పెట్టిన్రు. ఏ కేటగిరీకీ రానోడు ఎవడన్న ఉన్నడా?" అని బావ అడిగాడు.

"ఉన్నడు బావా. నీ ముందలనే కూసున్నడు."

ఒక వేసవిలో, బోర్డు పిలుపు రాకముందే, బావకు తనదైన ఉపాయం తట్టింది. క్లాసు లేకపోతే ఏమాయె, బదిలీ నిలబడదాం అన్నాడు. ఎవరో ఒకరు నాగా పెట్టకపోతారా? నేను కడుపుబ్బ నవ్వాను గాని, ఆయన నవ్వడం లేదని చూసి ఆపాను. అక్క నన్ను పక్కకు పిలిచి, "మీ బావకు పిచ్చి లేస్తే నువ్వు తోడారా?" అని తిట్టి, తిడుతూనే డబ్బా కట్టి ఇచ్చింది. బావ తన గని హెల్మెట్ తీసుకున్నాడు. ముందు లైటు తగిలించే కొక్కెం దానికింకా ఉంది.

పొద్దెక్కేసరికి మైదానం చేరాం. స్టిక్కర్లు అంటించిన కార్లు, వాటి పక్కన గొడుగులు. బావ మాత్రం గేటు దగ్గర, నీడ కూడా చూసుకోకుండా, డబ్బా చంకన పెట్టుకుని నిలబడ్డాడు. క్లాసు తర్వాత క్లాసు నంబర్లు పిలుస్తున్నారు, అందరూ పలుకుతున్నారు. మధ్యాహ్నం చిన్నకార్ల క్లాసులో మాత్రం ఒక నంబరు మూడుసార్లు పిలిచినా ఎవరూ రాలేదు. నేను అటు తిరిగి సోడా తాగుతున్నాను. మా ఇంజిన్ కూత విని వెనక్కి చూసేసరికి బావ హెల్మెట్ పెట్టుకుని కారును తీసుకుపోయి సరిగ్గా గీత మీద నిలిపాడు. ఆయన దృష్టిలో అందులో తప్పేమీ లేదు. పేరు పిలిచారు, మనిషి పలకలేదు, ఇక ఆ జాగా గేటు దగ్గర నిలబడినవాడిది.

జెండాలు పట్టుకున్నవాళ్లు ఉరికొచ్చారు. జనం ఈలలు వేశారు, హెల్మెట్ చూసి ఫోన్లలో ఫొటోలు తీశారు. టోపీ పెట్టుకున్న నిర్వాహకుడు, పిల్లవాడే, కిటికీ దగ్గర వంగాడు.

"అంకుల్, ఇది మీ క్లాస్ కాదు."

"ఆయన నాగా పెట్టిండు గద బిడ్డా. జాగ ఖాళీగనే ఉన్నది."

"ఇక్కడ అట్లా ఉండదు అంకుల్. ఎవరి క్లాస్ వాళ్లదే."

"మరి నాది ఏ క్లాసు?"

ఆ పిల్లవాడు కారు చుట్టూ తిరిగాడు, బానెట్ ఎత్తి చూశాడు, నిజంగానే ఆలోచించాడు. చెడ్డవాడు కాదు. దీనికి ఏ క్లాసూ లేదని, అన్నీ అయిపోయాక సరదాకి ఒక్క చుట్టు తిరిగి పొమ్మని చెప్పాడు.

"టైము రాస్తరా?"

"టైమింగ్ ఉండదు అంకుల్. ఊరికే, మీ హ్యాపీనెస్ కోసం."

"మస్టర్ పడని డ్యూటీ నేను చెయ్య బిడ్డా," అన్నాడు బావ, కోపం లేకుండా. తర్వాత కారును నెమ్మదిగా వెనక్కి తీశాడు. వెనక్కి తీసేటప్పుడు పక్కనున్న టైర్ల వరసను తగిలించాడు. జనం మళ్లీ నవ్వారు. ఆ వరస ఆయనకు కనబడలేదని ఆ మైదానంలో నాకొక్కడికే తెలుసు. నేను పోయి చెదిరిన టైర్లను మళ్లీ వరసలో పెట్టాను.

తిరిగొచ్చేటప్పుడు సిద్దిపేట రాకముందే, పట్టపగలు, కారు పక్కకు ఆపి తాళం నా చేతిలో పెట్టాడు. "ఇగ నువ్వు నడుపు. రోడ్డు అంచు దొరుకుతలేదు," అన్నాడు. దారిపొడుగునా నేను జోకులు వేశాను, ఒక్కటీ పేలలేదు. ఇంటి ముందు దిగేసరికి అక్క ఎదురొచ్చింది. ఆయన చేతిలోంచి డబ్బా తీసుకుంది, బరువు చూసింది, లోపలికి పోయింది. పెళ్లయిన కొత్తలో ఎన్నోసార్లు ఎత్తిన బరువే కదా, మూత తీయకుండానే ఆమెకు తెలిసిపోయింది.

ఆ ఏడే బోర్డు అన్‌ఫిట్ చేసింది. కారు నా షాపు వెనక్కి వచ్చింది.

ఇప్పుడు ఆయన పనిచేసిన గనీ లేదు. దాని పైకప్పును తవ్వి ఓపెన్‌కాస్టు చేశారు. ఆయన కూర్చున్న స్టూలు ఉన్నచోట ఇప్పుడు గాలీ దుమ్మూ ఉన్నాయి. గేటు దగ్గర పేర్లు పిలిచేవాళ్లూ, పిలుపు కోసం డబ్బాతో నిలబడేవాళ్లూ పోయారు. పెద్దపెద్ద యంత్రాలు వచ్చాయి, అవి నాగా పెట్టవు. పోయిన నెల నా ఫోనులో ఒక వీడియో వచ్చింది. అదే మైదానం. ఏ ఇంజిన్ ఎక్కించినా, ఎట్లా కోసి అతికినా, రోడ్డు మీద తిరిగే బండి అయితే చాలట, కొత్తగా ఒక క్లాసు పెట్టారు. అచ్చం మా కారులాంటి కారే ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. పేరు పిలిచారు, టైము రాశారు. నేను ఫోను బోర్లా పెట్టి, ఆ రోజంతా ఎవరితోనూ పరిహాసం ఆడలేదు. షాపుకు వచ్చినవాళ్లు నాకు జ్వరమనుకున్నారు.

ఆ సంగతి బావకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం? ఇప్పుడు ఆయనకు వెలుతురూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే. ఆదివారం పూట అక్క చేయి పట్టుకుని తీసుకొస్తే, నేను పట్టా తీస్తాను, ఆయన డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. ఈ ఆదివారం అద్దం ఉండే చోట చేయి పెట్టి తడిమి, ఖాళీ తగిలి, చేయి తీసుకున్నాడు. ఎప్పటిలాగే స్టీరింగ్ పట్టుకుని, ఎదురుగా ఉన్న నా షాపు గోడ వైపు ముఖం పెట్టి, ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు.

"ఎవరన్న నాగా పెట్టిన్రా బామ్మర్ది?"

"లేదు బావా," అన్నాను. "ఇయ్యాల అందరు వచ్చిన్రు."